మావయ్య రీలుకి కొత్త దారం

మా అమ్మమ్మగారి ఊళ్ళో గాలం అంటే కాలువగట్టు మీద కోసుకొచ్చిన సన్నటి వెదురు కర్ర, దాని కొసకి దారం, దారానికి జీలుగు బెండు ముక్క, కింద చిటికెడు సీసం, ముల్లుకి ఎర్ర. అంతే. కర్ర పొడవు ఎంతో దారం పొడవూ దాదాపు అంతే ఉండేది. చేపే మన కాళ్ళ దగ్గరికి రావాలి. పరిగెలు పడేవి, జెల్లలు పడేవి, ఎప్పుడైనా ఒక మట్టగిడస పడితే ఆ రోజు వీధి వీధంతా మాదే.

ఊరు నరసాపురం నుంచి పాలకొల్లు వెళ్ళే దారిలో, కాలువని ఆనుకుని ఉంటుంది. వేసవి సెలవులు మొత్తం అక్కడే. ఎండలు ముదిరేసరికి విజ్జేశ్వరం దగ్గర తలుపులు దించి కాలువలు కట్టేసేవారు. నీళ్ళు తగ్గి తగ్గి, వంతెనల కింద, తూముల ముందు మడుగులు మిగిలేవి. మళ్ళీ జూన్‌లో కాలువ వదిలేవరకు ఆ మడుగులే మాకు లోకం. తాతయ్య దగ్గర మాత్రం నూలు గాలపు దారం ఉండేది. తుమ్మచెక్క ఉడకబెట్టిన కషాయంలో రాత్రంతా నానబెట్టి ఆరేసేవాడు. అలా చేస్తే నూలు నీళ్ళలో కుళ్ళదు. నైలాన్ రాకముందు వలలన్నీ అలాగే కాపాడుకునేవారట. ఆ దారం ముదురు గోధుమరంగులో, కాస్త బిరుసుగా, ముక్కు దగ్గర పెట్టుకుంటే వగరు వాసనతో ఉండేది. ఈ తుమ్మచెక్క సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మా మావయ్య సరుకు ఓడలో ఇంజన్ రూములో పనిచేసేవాడు. ఏడాదికో ఏడాదిన్నరకో సెలవు మీద వచ్చేవాడు. వీలైనంతవరకు వేసవికి వచ్చేలా చూసుకునేవాడు. 1982 వేసవిలో వచ్చినప్పుడు అతని ట్రంకుపెట్టెలో టేప్‌రికార్డరు, నైలాన్ చీరలతో పాటు ఒక పొడవాటి గుడ్డసంచి ఉంది. అందులో రెండు ముక్కలుగా విడదీసిన ఫైబర్ కర్ర. పక్కన అట్టపెట్టెలో గాలపు దారం చుట్టుకునే రీలు. సింగపూర్‌లో కొన్నాడు.

ఆ రీలుని నేను మొదటిసారి చేతుల్లోకి తీసుకున్న క్షణం ఇప్పటికీ అరచేతిలో ఉంది. నల్లగా, బరువుగా, చల్లగా. పక్కన చిన్న పిడి. ముందువైపు గిన్నెలాంటి మూతి, దాని మధ్యలో దారం చుట్టి ఉన్న కండె. కండె చుట్టూ సగం చంద్రవంకలా వంగిన ఒక ఉక్కు తీగ. పిడి తిప్పితే ఆ తీగ కండె చుట్టూ గిరగిరా తిరిగేది, కండె మాత్రం తిరగకుండా ముందుకీ వెనక్కీ కదిలేది. లోపల పళ్ళచక్రాలు టిక్కుటిక్కుమనేవి. ఆ తీగకి నేను బుంగమీసం అని పేరు పెట్టాను. కొన్నాళ్ళకి ఇంట్లో అందరూ అదే అనడం మొదలుపెట్టారు. "మీసం ఎత్తి విసరాలి, మీసం దించి చుట్టాలి." మావయ్య నాకు నేర్పిన మొదటి పాఠం అదే.

మర్నాడు పొద్దున్నే సైకిళ్ళ మీద నరసాపురం వెళ్ళి, వలందర రేవులో దిగి, గోదావరిలోకి విసిరాం. సీసం గాల్లో ఎగురుతుంటే వెనకాల దారం సన్నగా ఈల వేస్తూ కండె మీంచి జారిపోయింది. అది ఎక్కడో నది మధ్యలో, పడవల దారిలో "టుప్" అని పడింది. వెదురు కర్రతో రెండు బారల దూరం చూసిన కళ్ళకి అది నమ్మశక్యం కాలేదు. రేవులో బట్టలు ఉతికేవాళ్ళు కూడా పని ఆపి చూశారు. చేప పడిందా లేదా అని ఆ రోజు ఎవరికీ పట్టలేదు. విసరడం, చుట్టడం, మళ్ళీ విసరడం. మధ్యాహ్నానికి నా చూపుడువేలు మీద దారం రాసుకున్న ఎర్రటి గీత పడింది.

సెలవు అయిపోయాక మావయ్య రీలుని ఇంట్లోనే వదిలి వెళ్ళాడు. కర్రతో సహా వరండాలో మేకుకి తగిలించారు. పడమటి వరండా. మధ్యాహ్నం మూడు దాటితే ఎండ సూటిగా ఆ గోడ మీదే పడుతుంది. ఎవరూ ఆలోచించలేదు, ఆలోచించాలని ఎవరికీ తెలియదు. నైలాన్‌కి నీళ్ళ కన్నా ఎండ పెద్ద శత్రువు. పైకి ఏమీ కనిపించదు, లోపల పటుత్వం పోతుంది. కండె మీద నెలల తరబడి బిగుసుకుపోయి ఉంటే ఆ గుండ్రటి ఆకారమే దానికి అలవాటైపోతుంది. లాగి వదిలితే స్ప్రింగులా ముడుచుకుంటుంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు.

1983 మే నెలలో మావయ్య మళ్ళీ వచ్చాడు. ఈసారి అంతర్వేది వెళ్ళాలన్నాడు, పండుగప్ప కోసం. నరసాపురంలో రేవు దాటించే పంటు ఎక్కి సఖినేటిపల్లి దిగి, అక్కడినుంచి బస్సు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట, అన్నాచెల్లెళ్ల గట్టుకి కాస్త ఇవతల, ఆటు మొదలయ్యే వేళకి నిలబడ్డాం. ఎర బతికున్న రొయ్య. గాలపు ముల్లుని దాని మెదడుకి తగలకుండా తలమీది ముల్లు కింద ఎలా గుచ్చాలో ఒక వేటగాడు మాకు చూపించాడు. అలా గుచ్చితే రొయ్య చాలాసేపు ఈదుతుంది.

పండుగప్ప లాగిన తీరు వేరు. జెల్ల కొరికినట్టు టకటకమని ఉండదు. కర్ర ఒక్కసారి విల్లులా వంగిపోయింది. రీలులోంచి "జర్ర్ర్" అని దారం తనంతట తనే బయటికి పోయింది. ఎంత లాగితే దారం జారాలో చూసుకునే బిగువు మర సరిగ్గా పెట్టి ఉంటే అలాగే పోవాలి, అంతకన్నా బిగిస్తే తెగుతుంది. మావయ్య దాన్ని ముట్టుకోలేదు. చేప నీళ్ళమీదికి ఎగిరింది. వెండిలా మెరిసింది, తలకాయ విదిలించింది. నేను అరిచాను. అది మళ్ళీ మునిగింది, మళ్ళీ లాగింది. అంతలో కర్ర తేలిగ్గా, నిటారుగా అయిపోయింది.

మావయ్య ఏమీ మాట్లాడలేదు. మెల్లగా చుట్టాడు. తెగిన కొసని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, ఎండకేసి ఎత్తి చాలాసేపు చూశాడు. నన్ను దగ్గరికి పిలిచాడు.

"చూడరా. కొస మేకతోకలా మెలితిరిగి ఉంటే ముడి జారినట్టు. కత్తితో కోసినట్టు ఉంటే పండుగప్ప చెంప తగిలినట్టు, దాని చెంప అంచు బ్లేడులా ఉంటుంది. ఇది చూడు."

తెగిన చోట దారం తెల్లగా, సుద్దలా ఉంది. ఇంకొక అడుగు పైన గోటితో నొక్కి లాగాడు. పుటుక్కున తెగింది. ఇంకో అడుగు. పుటుక్కు.

"చేపది తప్పు కాదు, నీదీ కాదు. దారం చచ్చిపోయిందిరా."

పంటులో తిరిగి వస్తుంటే అతను రీలుని ఒళ్ళో పెట్టుకుని, పైన తువ్వాలు కప్పాడు. అప్పటికే ఆలస్యం అయిపోయింది, అయినా కప్పాడు. ఆ తువ్వాలు నాకు చేప కన్నా ఎక్కువ గుర్తుంది.

పాత దారాన్ని తాతయ్య వదల్లేదు. కండె నుంచి మొత్తం లాగి పెరట్లో బీరపాదు పందిరికి కట్టేశాడు. రీలు ఏడాదంతా ఖాళీ కండెతో, బీరువాలో చీకట్లో ఉంది.

1984 వేసవిలో మావయ్య కొత్త దారం తెచ్చాడు. ప్లాస్టిక్ చక్రం మీద చుట్టి, పైన ఒకవైపు కాగితం అంటించి ఉంది. నూట యాభై గజాలు. లేత నీలం రంగు. కిటికీ దగ్గర పెడితే నీళ్ళలా కనిపించేది. పాతది షాపువాడే చుట్టి ఇచ్చాడు కాబట్టి దారం ఎక్కించడం మాకు ఇదే మొదటిసారి. మావయ్యకి ఓడలో ఒకాయన పద్ధతి చెప్పాడట. చక్రం మధ్య కన్నంలో పెన్సిలు దూర్చి ఒకరు పట్టుకోవాలి, అది గిరగిరా తిరుగుతుంటే ఇంకొకరు రీలు తిప్పుతూ చుట్టుకోవాలి. పెన్సిలు నా చేతికిచ్చాడు.

ముందు దారం కొసని కర్ర మీది వలయాల్లోంచి, కొస వలయంతో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా కిందికి దింపి తెచ్చాడు. మీసం ఎత్తాడు. ఇక్కడ మీసం ఎత్తకుండా కడితే అంతా మళ్ళీ విప్పాల్సిందే. కొసని కండె చుట్టూ తిప్పి, అదే దారం మీద ఒక ముడి వేశాడు. మిగిలిన తోకకి, ఇంకాస్త చివరికి, మరొక ముడి. లాగగానే మొదటి ముడి జారి కండెకి బిగుసుకుంది, రెండో ముడి వచ్చి దాని వెనక అడ్డంగా నిలబడింది. లాగేముందు నోటితో తడిచేశాడు. "నైలాన్ ముడిని పొడిగా లాగకూడదు. రాపిడికి వేడెక్కి అక్కడే బలం పోతుంది." ఆ మాట నేను ఇప్పటికీ ప్రతి ముడికీ పాటిస్తాను.

నేను పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను, అతను పిడి తిప్పాడు. అరగంట పట్టింది. కండె నీలంగా నిండింది. ఎంత అందంగా ఉందో.

సాయంత్రం కాలువ మడుగు మీద ఊరికే సీసం కట్టి విసిరాం. మొదటిసారి పర్వాలేదు. రెండోసారి దారం కండె మీంచి జారడం మానేసి, గుత్తులు గుత్తులుగా ఎగిరి వచ్చి మొదటి వలయానికి చుట్టుకుపోయింది. కాస్త వదులు దొరికితే చాలు, దారం తనమీద తనే ముప్పేటగా మెలితిరిగేది. చీకటి పడేవరకు ఇద్దరం గట్టు మీద కూర్చుని చిక్కు తీశాం. తీసిన కొద్దీ పడింది. ఆఖరికి మావయ్య కత్తి తీసి యాభై అరవై గజాలు కోసేశాడు. ఏడాది ఎదురుచూసిన దారం. నాకు ఏడుపొచ్చింది. అతను నా తల నిమిరి, ఆ ముక్కలన్నీ ఏరి జేబులో పెట్టుకున్నాడు. గట్టు మీద వదిలేస్తే పక్షుల కాళ్ళకి చుట్టుకుంటాయన్నాడు.

మా అత్తయ్య సంగతి ఇక్కడ చెప్పాలి. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళందరిలాగే ఆవిడా లేసు అల్లేది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది, తర్వాత వేలమంది ఆడవాళ్ళ చేతుల్లోకి వచ్చింది. 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది అత్తయ్య వేళ్ళే. కొసకి చిన్న కొక్కెం ఉన్న ఉక్కు సూది, ఒళ్ళో దారపు ఉండ. కబుర్లు చెబుతూ, పిల్లల్ని కేకలేస్తూ, పొయ్యి మీద పాలు చూసుకుంటూ కూడా ఆ వేళ్ళు ఆగేవి కావు. దారం గురించి ఆవిడకి తెలియనిది లేదు. మాకే ఆవిణ్ణి అడగాలని తోచలేదు.

మర్నాడు మావయ్య వరండాలో మిగిలిన దారాన్ని విప్పి మళ్ళీ చుడుతున్నాడు. నేను పెన్సిలుతో సిద్ధంగా ఉన్నాను. అత్తయ్య గుమ్మంలో కూర్చుని అల్లుతూ చాలాసేపు చూసింది. సూది ఆగింది.

"ఏవండీ, ఆ కండె తిరగదేంటి?"

"అది తిరగదు. మీసమే తిరుగుతుంది."

"అయితే మెలి పడక ఏమవుద్దండీ? మీసం కండె చుట్టూ ఒక చుట్టు తిరిగితే దారానికి ఒక మెలి పడుతుంది. రాట్నం ఎలా వడుకుతుందనుకున్నారు? కదురు కొస మీంచి దారం జారినప్పుడల్లా ఒక మెలి. మా నాన్నగారు ఖద్దరు వడికేవారు. చిన్నప్పుడు పక్కనే కూర్చుని చూసేదాన్ని."

మావయ్య పిడి తిప్పడం ఆపేశాడు. ఒకసారి మెల్లగా తిప్పి మీసాన్ని చూశాడు. ఇంజన్ మనిషి కదా, ఆయనకి అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది.

"నిజమేనే. ఓడలో ఆయన రీలు వేరు. దానికి కండే తిరుగుతుంది. దానికి పెన్సిలు సరిపోతుంది." కాసేపాగి, "మరి దీనికేం చెయ్యాలి?" అన్నాడు.

అత్తయ్య లేచి వచ్చి నా చేతిలోంచి చక్రం తీసుకుంది. పెన్సిలు లాగేసి, చక్రాన్ని కాగితం పైకి కనిపించేలా నేల మీద పడుకోబెట్టింది. "ఇలా పైనుంచి లాగితే ఈ చక్రమూ చుట్టుకో మెలి వేస్తుంది. ఇది వేసే మెలి, మీసం వేసే మెలి ఎదురెదురుగా ఉంటే రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. రెండూ ఒకేవైపైతే ఇంకా పాడవుద్ది. అప్పుడు చక్రాన్ని తిరగేయాలి. పది చుట్లు చుట్టి చూడండి."

పది చుట్లు చుట్టాడు. కర్రని కిందికి వంచి దారానికి వదులిచ్చాడు. వలయానికీ చక్రానికీ మధ్య దారం కిందికి దిగి, ఊయల తాడులా తిన్నగా వేలాడింది. ముడుచుకోలేదు. పరీక్ష కోసం చక్రాన్ని తిరగేసి ఇంకో పది చుట్లు చుట్టి చూశాడు. వెంటనే మెలితిరిగింది. ఆ పదీ విప్పేసి, మళ్ళీ కాగితం పైకి పెట్టాడు.

ఇంతకీ కొత్త చిక్కు ఏమిటంటే దారం తగ్గింది. తొంభై గజాలతో కండె నిండదు. నిండకపోతే విసిరినప్పుడు దారం కండె అంచుకి రాసుకుని దూరం పోదు. మరీ ఎక్కువ నింపితే గుత్తులుగా ఊడిపడుతుంది. అంచుకి కాస్త లోపలే ఆగాలి. అడుగున ఇంకేదైనా చుట్టి ఎత్తు తేవాలి. పాత నైలాన్ బీరపాదుకి పోయింది.

అత్తయ్య లోపలికి వెళ్ళి లేసు దారపు ఉండ తెచ్చింది. ఏజెంటు తూకం వేసి ఇచ్చే దారం అది, అల్లిన లేసు కూడా తూకానికే తీసుకుంటారు. తగ్గితే ఆవిడ కూలీలో కోసుకుంటారు. మావయ్య వద్దన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు. "నూలు నీళ్ళలో కుళ్ళిపోతుందే" అన్నాడు మావయ్య. అరుగు మీద పడుకున్న తాతయ్య కళ్ళు తెరవకుండానే "తుమ్మచెక్క" అన్నాడు.

ఆ మధ్యాహ్నం పెరట్లో పొయ్యి వెలిగించి, పాత తపేలాలో తుమ్మచెక్క ఉడకబెట్టాం. తెల్లటి లేసు దారం అందులో మునిగి, బయటికి వచ్చేసరికి తాతయ్య గాలపు దారం రంగులోకి తిరిగింది. రాత్రంతా నానింది, మర్నాడు నీడలో ఆరింది. అత్తయ్యే దాన్ని కండెకి కట్టింది. ఆవిడ ముడి మావయ్య ముడిలా లేదు. చిన్నది, చదునుగా ఉంది, వేలితో తడిమితే తెలిసీ తెలియనంత. ఎంత చుట్టాలో కూడా ఆవిడే చెప్పింది, కళ్ళతో కొలిచి. ఆ పైన మావయ్య నైలాన్‌ని కలిపాడు. రెండు దారాల కొసల్ని ఎదురెదురుగా పక్కపక్కన పెట్టి, దీని ముడి దాని మీద, దాని ముడి దీని మీద వేసి లాగితే రెండు ముడులూ జారి వచ్చి ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. ఓడవాళ్ళ ముడి.

అప్పుడు నాకు కొత్త ఉద్యోగం వచ్చింది. పెన్సిలు పోయింది, తడిగుడ్డ వచ్చింది. రీలుకి ఒక అడుగు ముందు దారాన్ని తడిగుడ్డ మడతలో పెట్టి, వేళ్ళతో నొక్కి పట్టుకోవాలి. వదులుగా చుడితే పై చుట్లు లోపలి చుట్లలోకి దిగబడి చిక్కుకుంటాయి. మరీ నొక్కితే దారం సాగుతుంది. ఎంత నొక్కాలో మావయ్య చెప్పలేదు, "నిద్రపోతున్న పాపాయి చెయ్యి పట్టుకున్నట్టు" అంది అత్తయ్య. దారం నా వేళ్ళ కిందనుంచి చల్లగా, సన్నగా పాకుతూ పోవడం, తడిగుడ్డ నుంచి చుక్కలు నా మోకాలి మీద పడటం, కండె మీద నీలం పొరలు పొరలుగా అటూ ఇటూ నిండటం, రీలు టిక్కుటిక్కు, గుమ్మంలో అత్తయ్య గాజుల చప్పుడు. చెట్టు మీంచి మామిడికాయ రాలినా ఎవరూ లేవలేదు.

నిండిందా లేదా చూడటానికి అత్తయ్య తన లేసు సూదిని అంచుకి ఆనించి పెట్టింది. సూది మందమంత ఖాళీ ఉండాలని అనుకున్నాం. రెండు సూదులంత మిగిలింది. "చాలు" అన్నాడు మావయ్య.

ఆ ఏడు పండుగప్ప పడలేదు. అంతర్వేది రెండుసార్లు వెళ్ళాం. ఒక మాగ పడింది, చేతికి బాగానే బరువు తెలిసింది. అత్తయ్య మామిడికాయ వేసి పులుసు పెట్టింది. కానీ ఒక్కసారి కూడా దారం మెలితిరగలేదు. విసిరిన ప్రతిసారీ అదే ఈల.

చాలా ఏళ్ళ తర్వాత చదివాను, ఇలా కండె తిరగని రీలుకి 1905లో పేటెంటు తీసుకున్నది ఆల్ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్ అనే ఇంగ్లండ్ మనిషి. ఆయనది బట్టల మిల్లుల వ్యాపారం. మిల్లులో కదురు కొస మీంచి దారం జారే తీరే ఆయనకి ఆలోచన ఇచ్చిందట. అది చదివాక పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. మా అత్తయ్య ఆ పేరు ఎప్పుడూ వినలేదు. కానీ దారం ఎక్కించడం చూసిన అరగంటకే ఆ రీలు ఎక్కడ పుట్టిందో ఆవిడ కనిపెట్టేసింది. దారం పనివాళ్ళ వస్తువు అని ఆవిడకి తెలిసిపోయింది. లెక్క కూడా వేసి చూశాను. మా కండె అంతటి దాని మీద మీటరు దారానికి ఆరేడు చుట్లు పడతాయి. అంటే పెన్సిలు పట్టుకుని ఆ రోజు నేను మీటరుకి ఆరేడు మెలికలు ఎక్కించానన్నమాట. చక్రం, కండె ఒకే సైజు కావు కాబట్టి పడుకోబెట్టి చుట్టినా మెలికలు పూర్తిగా పోవు, చాలావరకు పోతాయి. మిగిలినవి పోవాలంటే ముల్లూ సీసం ఏమీ కట్టకుండా పారే నీళ్ళలోకి దారమంతా వదిలి, కాసేపుంచి చుట్టుకుంటే చాలు, నీళ్ళే విప్పేస్తాయి. జూన్‌లో కాలువ వదిలాక వంతెన మీద నిలబడి చేయడానికి ఇంతకన్నా మంచి పని లేదు.

తాతయ్య పోయాడు. అమ్మమ్మ పోయింది. మావయ్య ఓడ దిగి ఊళ్ళోనే స్థిరపడ్డాడు. 2016లో అత్తయ్య పోయింది. ఆ తర్వాత మావయ్య గోదావరికి వెళ్ళడం తగ్గించేశాడు. మోకాళ్ళు అన్నాడు. మొన్న సంక్రాంతికి వెళితే గుడ్డసంచి, అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. "హైదరాబాద్‌లో ఏ చెరువులో పడతావో నాకు తెలీదు. ఖాళీగా మాత్రం ఉంచకు" అన్నాడు. పెట్టె లోపల రీలు మీద పాత తువ్వాలు ముక్క చుట్టి ఉంది.

గత ఆదివారం దానికి కొత్త దారం ఎక్కిద్దామని కూర్చున్నాను. ఇప్పుడు షాపులో అల్లిక దారాలు బోలెడు, సన్నగా, దాదాపు సాగవు. కుర్రాడు అదే తీసుకోమన్నాడు. అవి నున్నగా ఉంటాయి, ఖాళీ కండె మీద నేరుగా కడితే మొత్తం చుట్టంతా జారి గిరగిరా తిరుగుతుంది, అడుగున వేరే దారం ఉండాలి. నేను నైలానే తీసుకున్నాను. 0.35 మిల్లీమీటర్లు, లేత నీలం.

పాత దారం లాగడం మొదలుపెట్టాను. మావయ్య ఎప్పుడు మార్చాడో, స్ప్రింగులా చుట్టలు చుట్టలుగా గది నిండా పడింది. లాగుతూ లాగుతూ ఉంటే ఒకచోట ఆగింది. ఓడవాళ్ళ ముడి. దాని కింద ముదురు గోధుమరంగు నూలు.

నేను కత్తెర కింద పెట్టేశాను.

వేలితో తడిమాను. బిరుసుగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఉప్పు వాసన, దాని వెనక ఎక్కడో సన్నగా వగరు. నలభై ఏళ్ళు. ఒక్క పోగు కూడా లేవలేదు. ఈ నూలు ఇంకా బరువు మోస్తుందో లేదో, ఉంచాలో తీయాలో తెలియక మావయ్యకి ఫోన్ చేశాను.

"కింద నూలు ఉంది మావయ్యా."

"ఉంటుంది."

"తీసేసి కొత్తగా..."

"తీయకు. నేను ఎన్నిసార్లు మార్చానో లెక్కలేదు. ప్రతిసారీ ఆ ముడి దాకా వచ్చి అక్కడ ఆపేవాణ్ణి. దాని మీద బరువు పడదురా, అంత దూరం ఏ చేపా లాగలేదు." కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "గట్టిగానే ఉందా?"

గోటితో నొక్కి చూశాను. ఉందన్నాను.

"చక్రం ఏవైపు పెట్టావు?"

"కాగితం పైకి."

"పది చుట్లు చుట్టి చూడు."

ఫోన్ స్పీకరులో పెట్టి నేల మీద ఉంచాను. కొత్త నైలాన్ కొసని నూలు పక్కన ఎదురుగా పెట్టి, రెండు ముడులూ వేసి, నోటితో తడిచేసి లాగాను. కరుచుకున్నాయి. మా ఆవిడ తడిగుడ్డతో దారం పట్టుకుంది. ఎంత నొక్కాలని అడిగింది, అత్తయ్య చెప్పిన మాటే చెప్పాను. పది చుట్లు లెక్కపెట్టి ఆపి, కర్ర కిందికి వంచాను. దారం వదులవగానే మెలితిరిగింది. ఈ కంపెనీవాళ్ళు కాగితం రెండోవైపు అంటించినట్టున్నారు. ఆ పదీ విప్పి, చక్రం తిరగేసి, మళ్ళీ పది.

"ఇప్పుడు?" అంది ఫోన్.

"తిన్నగా వేలాడుతోంది మావయ్యా."

"అయితే చుట్టు."